ఏట్రా అంటే వచ్చేవాడు

మా ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగు పూర్తిగా అర్థమయ్యేది ఇద్దరికే. ఒకరు మా నాన్న. ఆయనకు వినబడదు. రెండోవాడు మా కుక్క. వాడు పోయి ఏడాది దాటింది.

నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య పడి చేసే చప్పుడులో ఉద్యోగం మొదలుపెట్టి ఆ చప్పుడులోనే ముగించారు. చివరికి మిల్లు ఆయన చెవుల్ని తన దగ్గరే ఉంచేసుకుని మనిషిని మాత్రం ఇంటికి పంపింది. అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. పెళ్ళయి భిలాయి వచ్చి ఇన్నేళ్ళయినా హిందీని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. కూరగాయల బండి దగ్గర అవసరానికి వాడుకుంటుంది, ఇంటికి రాగానే చెప్పులతో పాటు బయటే విడిచేస్తుంది. నేను ఇక్కడే పుట్టాను. నాకు అక్షరాలు దిద్దించింది అమ్మే అయినా నా మాటను మాత్రం ఆమె ‘కిచిడీ’ అంటుంది. నా భార్యది ఇక్కడే దుర్గ్ దగ్గర ఊరు, తెలుగు రాదు. ఇంట్లో అత్తాకోడళ్ళు ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటారు, కూరల విషయం వరకు ఏ ఇబ్బందీ ఉండదు. అంతకు మించి మాట పెరిగితే ఇద్దరూ నావైపు చూస్తారు. కుక్క రాకముందు మా అమ్మాయికి హిందీ తప్ప మరోటి నోట పలికేది కాదు. అమ్మను నాయనమ్మ అనకుండా హిందీలో ‘దాదీ’ అంటుంది.

“దాదీ ఏటే, దాదీ? నానేటి దాదాగిరీ సేస్తన్నానా?” అని అమ్మ ఎన్నిసార్లు కసిరినా ఆ పిలుపు మారలేదు.

ఇలాంటి ఇంటికి ఒక వానాకాలం సాయంత్రం కుక్కపిల్ల వచ్చింది. ఊరి చివర మరోదా వైపు మేం కట్టుకున్న చిన్న ఇంటి ముందు నా స్కూటరు కింద ముడుచుకుని వణుకుతుంటే, అప్పుడే నర్సరీలో చేరిన మా అమ్మాయి చూసి, తన బడి స్వెట్టరులో చుట్టి లోపలికి తెచ్చేసింది. అమ్మ ససేమిరా అంది. దానికి పాత కారణం ఉంది. నాన్న ఉద్యోగంలో ఉండగా ప్లాంటువాళ్ళ సెక్టారు క్వార్టర్లో మాకొక పిల్లి ఉండేది. అది పోయినప్పుడు అమ్మ దాన్ని పెరట్లో జామచెట్టు కింద పూడ్చి, చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. ప్రాణమున్నదాన్ని ఇక ఇంట్లో పెంచేది లేదని, తులసి మొక్క ఒక్కటి చాలని అప్పుడే తేల్చేసింది.

“తులసికి కూడా ప్రాణముంటుంది కదమ్మా?” అన్నాను.

“ఉంటాది. అది నా ముందు పోదు” అంది.

వాన తగ్గేదాకా మాత్రం ఉండనిస్తానంది. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ వరండాలో కూర్చుని ఆ కుక్కపిల్లకు ఇంటి పరిస్థితి వివరించడం మొదలుపెట్టింది. “ఇదిగో, ఇను. ఇది సత్రం కాదు. వానొచ్చిందని కూకోనిచ్చినాను. ఈ ఇంట్ల నానొకర్తినే సాకిరీ సేస్తన్నాను. ఆ ముసలాయనకి ఇనబడదు, ఆ కోడలికి అర్దంకాదు, నా కొడుకు అన్నిటికీ ఊఁ అంటాడు గాని ఒక్కటీ బుర్రకెక్కదు...” కుక్కపిల్ల ముందు కాళ్ళు ఆనించుకుని కూర్చుంది. తల ఒకసారి కుడివైపు వాల్చింది, ఒకసారి ఎడమవైపు. అమ్మ ఆగినప్పుడల్లా ‘తర్వాత?’ అన్నట్టు చెవులు నిక్కించింది. టీ చల్లారిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచి జరిగినదంతా చెప్పి అమ్మ లోపలికి వచ్చింది.

“ఉండనీండి. ఇంటన్నాడు” అంది.

పేరు పెట్టడం దగ్గర గొడవ వచ్చింది. అమ్మాయి టీవీలో చూసిన ఏదో ఇంగ్లీషు పేరు పెడతానంది. నా భార్య దేవుడి పేరు పెట్టకూడదు గాని దేవుడికి దగ్గరగా ఉండేది ఏదైనా పెడదామంది. ఈ చర్చ నడుస్తుండగానే అమ్మ పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాడిని “ఏట్రా, ఏటి సూస్తన్నావు?” “ఏట్రా, కూడు తిన్నావేటి?” అని పలకరించేది. వాడు అదే తన పేరనుకున్నాడు. ఆ తర్వాత మేం ఏ పేరు పెట్టి పిలిచినా ఎవరినో పిలుస్తున్నారనుకుని కదిలేవాడు కాదు. ‘ఏట్రా’ అంటే చాలు, వీధి చివర ఉన్నా పరుగెత్తుకొచ్చేవాడు.

దీనివల్ల నాన్నకు ఒక చిక్కు వచ్చింది. ఊళ్ళోనే క్యాంప్ 2 అనే పేటలో ఆయన పాత మిల్లు స్నేహితుడు ఒకాయన ఉన్నారు. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఆయనకూ వినబడదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకుని, ఇద్దరూ తృప్తిగా ఫోను పెట్టేసేవారు. నాన్న ఫోను తీసి “ఏట్రా! ఎలాగున్నావు?” అని గట్టిగా అరవగానే కుక్క ఎక్కడున్నా వచ్చి ఎదురుగా కూర్చునేది. నాన్న మోకాళ్ళ నొప్పి గురించి, బీపీ మాత్రల గురించి చెప్తుంటే శ్రద్ధగా మొహంలోకి చూసేది. కొన్నాళ్ళకి నాన్న ఫోనును చెవి దగ్గర నుంచి కొంచెం దించి నేరుగా దానితోనే చెప్పడం మొదలుపెట్టారు. అవతలి స్నేహితుడికి తేడా తెలియలేదు.

వాడికి హిందీ రాదన్న సంగతి బయటపడింది పశువుల డాక్టరు దగ్గర. ఒకరోజు వాడు ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ సగం నమిలి మింగేశాడు. అమ్మ, నేను, నా భార్య, అమ్మాయి అందరం ఆటోలో ఆస్పత్రికి వెళ్ళాం. కాంపౌండరు పేరు అడిగాడు. కుక్క పేరు. నా భార్య కాస్త సిగ్గుపడుతూ “ఏట్రా” అంది.

“ఫారిన్ నామ్ హై క్యా?” అన్నాడతను మర్యాదగా.

“జపానీ హై” అంది మా అమ్మాయి, కళ్ళు కూడా ఆర్పకుండా.

జపాను పేరున్న కుక్కను డాక్టరు బల్లమీదికి ఎక్కించారు. ‘బైఠో’ అన్నారు. వాడు నిలబడే ఉన్నాడు. ‘సిట్’ అన్నారు. వాడు గోడమీద క్యాలెండరు చూశాడు. డాక్టరు వేలితో చిటికె వేసి చూసి, దీనికి చెవుడా అని హిందీలో నన్ను అడిగారు. అమ్మకు కోపం వచ్చింది. ఇంట్లో ఒక చెవుడు చాలదా అనుకుందేమో, ముందుకొచ్చి “కూకో” అంది. కూర్చున్నాడు. “తొంగో” అంది. పడుకున్నాడు. “నోరు తెరు. ఆఁ... ఇంకా” అంది. తెరిచాడు. డాక్టరు టార్చి పట్టుకుని లోపలికి చూస్తూ, ఇది ఏ భాష అని అడిగారు. తెలుగు అని చెప్పాను. ఆయన గాస్కెట్ ముక్క దానంతటదే బయటికి వచ్చేస్తుందని, మర్నాటిదాకా గట్టి తిండి పెట్టొద్దని నాకు చెప్పారు. నేను అమ్మకు చెప్పాను. అమ్మ వెంటనే కుక్కవైపు తిరిగి, “ఇన్నావా? రేపటిదాకా గంజే. ఆ బాబు సెప్తన్నాడు, నాను కాదు. మళ్ళీ నామీద అలగొద్దు” అని అనువాదం చేసింది. డాక్టరు, ఆ పక్కన పిల్లిని పట్టుకుని నిలబడిన పెద్దమనిషి, అందరూ ఆ అనువాదం పూర్తయ్యేదాకా కదలకుండా విన్నారు.

ఆ తర్వాత మా వీధికి కూడా కొంచెం తెలుగు వచ్చింది. ‘చల్, హట్’ అంటే వాడు దారి ఇవ్వడని తెలుసుకుని కూరగాయల బండి ఆమె ‘ఎల్లు, ఎల్లు’ అనడం నేర్చుకుంది. పక్కింటి భయ్యా తన మోటారుసైకిల్ సీటుమీద నిద్రపోతున్నవాడిని లేపడానికి ‘బేగి దిగు’ అనేవాడు. అతనికి ఆ రెండు మాటలే వచ్చు గాని, అమ్మ అతన్ని మాత్రం బాగా తెలుగు మాట్లాడతాడని మెచ్చుకునేది. అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది మా అమ్మాయి. కుక్కతో ఆడుకోవాలంటే వేరే దారి లేదు మరి. అమ్మ ఏం అంటే అది, అదే యాసలో, అదే గొంతుతో అనేది. ఎందుకంటున్నారో అర్థం చేసుకునేది గాని, ఏ మాట ఎవరితో అనొచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ అవసరం వస్తుందని మేమెవరం అనుకోలేదు.

వాడు ముసలివాడయ్యాడు. మూతి తెల్లబడింది, వీధి చివరి నుంచి పరుగెత్తుకు రావడం మానేసి నడిచి రావడం మొదలుపెట్టాడు. పగలంతా వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకునేవాడు. మేమందరం కాళ్ళెత్తి వాడిని దాటుకుంటూ తిరిగేవాళ్ళం. చివరి చలికాలంలో అమ్మ నాన్న పాత మిల్లు కోటు ఒకటి తీసి వాడికి కింద పరిచింది. నాన్న చాలా వెతికారు ఆ కోటు కోసం. చివరికి దానిమీద వాడు పడుకుని ఉండటం చూసి, “సర్లే, మంచి గుడ్డ, ఎచ్చగా ఉంటాది” అనేసి వెళ్ళిపోయారు.

ఒక మధ్యాహ్నం అమ్మ చింతపండు పిసుకుతూ వాడికి ఎవరో బంధువుల భూమి తగాదా చెప్తోంది. మాట మధ్యలో ఆగింది. చెవులు లేవలేదు. ఇంకోసారి పిలిచింది. చేయి కడుక్కుని, వంగి చూసి, వచ్చి నాతో “పోనాడురా” అని మాత్రం అంది. ఏడవలేదు. పొయ్యిమీది పులుసు దించి వచ్చింది.

ఇంటి వెనక మునగచెట్టు పక్కన గొయ్యి తవ్వాం. మా నేల ఎర్ర ముర్రం, కంకర మట్టి, రాయిలా ఉంటుంది. నేను రెండు దెబ్బలు వేసేసరికి గునపం నా చేతినే తిరిగి కొట్టింది. పక్కింటి భయ్యా చొక్కా విప్పి దిగాడు. నాన్న గట్టున నిలబడి, క్రేన్ ఆపరేటరుకి చెప్పినట్టు ‘ఎడంపక్క, ఎడంపక్క, ఆపు, దించు’ అని అరుస్తూ పని నడిపించారు. అమ్మాయి వాడిని మొదటిరోజు చుట్టి తెచ్చిన స్వెట్టరు పట్టుకొచ్చింది, నా భార్య పసుపు కుంకుమ తెచ్చి, కుక్కకు పెట్టొచ్చో లేదో తెలియక రెండూ చెట్టుకు పెట్టింది. అంతా అయ్యాక భయ్యా చెమట తుడుచుకుంటూ, అమ్మను ఓదార్చాలని, ఇది కుక్క కాదు మాతాజీ, మనిషి అన్నాడు హిందీలో.

అమ్మ అతన్ని చూసింది. “మనిషయితే నా మాట ఇంటాడేటి బాబూ? కుక్క కాబట్టి ఇన్నాడు” అంది. నేను అనువదించలేదు.

ఆ రోజునుంచి అమ్మ మాట్లాడటం తగ్గించేసింది. కుక్కర్ కూత వేస్తే దాన్ని తిట్టబోయి మధ్యలో ఆపేసేది. మేం మాత్రం వంటింటి గుమ్మం దగ్గర కాళ్ళెత్తి దాటుతూనే ఉన్నాం. అక్కడ ఏమీ లేదు. అయినా కాళ్ళకు ఎవరు చెప్తారు? ఒకరోజు గ్యాస్ సిలిండరు తెచ్చినతను హాల్లో నిలబడి ఉండగా నా భార్య గెంతి లోపలికి వెళ్ళింది, అమ్మ గెంతి బయటికి వచ్చింది, నాన్న గోడ పట్టుకుని ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎత్తి పెట్టారు. అతను కాసేపు ఆ గుమ్మాన్ని పరిశీలించాడు. తర్వాత సిలిండరు భుజాన ఉండగానే తనూ గెంతి లోపలికి వెళ్ళాడు. ఏ ఇంటి ఆచారం ఎలా ఉంటుందో అనుకున్నాడు కాబోలు.

నాన్నకు వినబడకపోయినా, అమ్మ పెదవులు ఆడటం లేదన్నది కనబడింది. ఎన్నేళ్ళుగానో మేం బతిమాలినా పెట్టుకోని చెవి మిషను ఆయనే అడిగి కొనిపించుకున్నారు. “ఆడు పోయాక ఈ ముసల్ది ఎవలితోటి మాటాడతాది? నానైనా ఇంటాను” అన్నారు నాతో చాటుగా. మిషను పెట్టుకుని, తలదువ్వుకుని, అమ్మ ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నారు. అమ్మ ముందు నమ్మలేదు. వెనక నుంచి మెల్లగా “కాఫీ తాగుతావేటి?” అని పరీక్ష పెట్టింది. “తాగుతాను” అన్నారు. అంతే, గట్టు తెగింది. పెళ్ళిలో ఆయన తరఫువాళ్ళు అన్న మాటల దగ్గర్నుంచి అందుకుంది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న మునగచెట్టు కింద ఒంటరిగా నిలబడి ఉన్నారు. మిషను జేబులో ఉంది.

“ఏటి నాన్నా?” అన్నాను సైగ చేస్తూ.

ఆయన ఆ ఎర్రమట్టి కుప్పవైపు చేయి చూపించి, “ఇదంతా ఆడు భరించినాడ్రా. ఎంత గొప్పోడు!” అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అమ్మ వాళ్ళ పెద్దన్నయ్య ఇంట్లో పెళ్ళి వచ్చింది. అందరం రైలెక్కి శ్రీకాకుళం వెళ్ళాం. ఈ పెదమావయ్య అంటే చుట్టాలందరికీ హడలు. ఆయన వస్తుంటే పెద్దవాళ్ళు కూడా చుట్ట వెనక్కి దాచుకుంటారు. అమ్మ దారిపొడుగునా మా అమ్మాయికి జాగ్రత్తలు చెప్పింది. పెద్దలకు దండం పెట్టు, హిందీలో వాగకు, తెలుగులో రెండు మాటలైనా మాట్లాడు, నా పరువు నిలబెట్టు అని.

మా అమ్మాయి పరువు నిలబెట్టాలనే అనుకుంది. పందిట్లో భోజనాలకు ముందు పెదమావయ్య పట్టుపంచె కట్టుకుని, కర్ర పట్టుకుని వచ్చి కుర్చీ కోసం చుట్టూ చూశారు. ఎవరూ కదలకముందే ఇది పరుగెత్తి ఒక కుర్చీ లాక్కొచ్చి, అమ్మ గొంతుతో, పందిరంతా వినబడేట్టు అంది:

“ఏట్రా! బేగి రా! కూకో!”

సన్నాయి వాళ్ళు కూడా ఆపేశారు. పెదమావయ్య నిలబడ్డచోటే నిలబడిపోయారు. ఆయన జీవితంలో అంతకుముందు ఎవరూ అలా పిలిచి ఉండరు. ఆశ్చర్యంలోనే మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. అది చూసి మా అమ్మాయికి ఉత్సాహం వచ్చింది. ఆయన మోకాలి మీద చేత్తో తట్టి, “మంచోడు, మంచోడు. కూడు తిన్నావేటి?” అంది ప్రేమగా. ఆయన ఏదో అనబోయి నోరు తెరిచారు. వెంటనే వేలు చూపించి, “అరవకు! తొంగో!” అంది.

ఎవరో ఒకరు ముందు నవ్వారు. తర్వాత పందిరి మొత్తం పడిపడి నవ్వింది. పెళ్ళికూతురు నవ్వితే కళ్ళ కాటుక కారింది. అమ్మ మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఎవలు నేర్పినారే నీకు తెలుగు?” అన్నారు పెదమావయ్య. అది హిందీలో అర్థమయ్యేలా నేను చెప్పేలోపే అమ్మ ముందుకొచ్చి, “తప్పయిపోనాది అన్నియ్యా. మా కుక్క దగ్గిర నేర్సుకుంది” అంది. ఆ మాటతో అంతవరకు ఆపుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. పెదమావయ్య నవ్వలేదు. అమ్మాయిని దగ్గరికి లాక్కుని తల నిమురుతూ అమ్మవైపు చూశారు. “మీ వదిన పోయాక కూడు తిన్నావేటని నన్ను అడిగినోలు లేరే. అందరూ దండాలెడతారు, దూరంగా ఉంటారు” అన్నారు. తర్వాత కర్ర పక్కన పెట్టి, “ఆ కుక్క సంగతేటో సెప్పు” అని అమ్మకు కుర్చీ చూపించారు.

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గాస్కెట్ సంగతి, జపాను సంగతి, నాన్న ఫోను సంగతి. వదినలు, మరదళ్ళు, ఎవరెవరో చుట్టూ చేరారు. ఒక్క మాట కూడా ఎవరికీ అనువాదం చేయనవసరం లేదు. సరైనచోట ‘ఓలమ్మో’ అంటున్నారు, సరైనచోట నవ్వుతున్నారు. విస్తళ్ళు వేసి పిలిచినా ఎవరూ లేవలేదు. అమ్మ చింతపండు పిసుకుతున్న ఆ మధ్యాహ్నం దాకా వచ్చింది. “పిలిసినాను... సెవులు లెగలేదు...” అని, అక్కడ ఏడ్చేసింది. గట్టిగా, ఇన్నాళ్ళదీ కలిపి. మా అమ్మాయి వెళ్ళి మెడ చుట్టూ చేతులేసి ‘దాదీ, దాదీ’ అంది. ఆ పిలుపును అమ్మ ఈసారి తిట్టలేదు. ఆ రోజు అమ్మ రెండుసార్లు పెట్టించుకుని అన్నం తినడం నేను చూశాను.

భిలాయి తిరిగి వచ్చాక అమ్మ మళ్ళీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంకో కుక్కను తెద్దామని అమ్మాయి అడిగితే వద్దంది. మేమూ బలవంతపెట్టలేదు. కాని ఈమధ్య పక్కింటి భయ్యా ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. అది ఎవరి మాటా వినదు, చెప్పులన్నీ కొరికేస్తుంది. ఒకరోజు దాన్ని చంకనెత్తుకుని మా గేటు దగ్గరికి వచ్చి, మాతాజీ, దీనికి కూడా కొంచెం తెలుగు నేర్పండి అన్నాడు. ఈ ఊళ్ళో పిల్లలు దేనికైనా ట్యూషన్‌కే వెళ్తారు, కుక్కపిల్ల కూడా వెళ్తే తప్పేముంది అని అతని వాదన.

అమ్మ పనుంది పొమ్మంది. అతను దాన్ని వరండాలో దించి వెళ్ళిపోయాడు. కాసేపటికి నేను కిటికీలోంచి చూస్తే అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. “ఇదిగో, ఇను. సెప్పులు కొరికితే మా ఇంట్ల కుదరదు...” అంటోంది. దాన్ని ‘ఒరే’ అంటోంది, ‘బాబూ’ అంటోంది. ‘ఏట్రా’ అని మాత్రం అనడం లేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ట్యూషన్ నడుస్తోంది. ‘కూకో’ దాకా వచ్చింది, ‘తొంగో’ చెప్పకుండానే వచ్చు. నిన్న బంధువుల భూమి తగాదా ఏదో సగం చెప్పేసరికి అది పొట్ట పైకి పెట్టి గుర్రు పెట్టింది. అమ్మ ఆపి దాన్ని చూసింది.

“సూసినావా?” అంది నాతో. “ఆడైతే ఆకరి దాకా ఇనేవోడు.”

తర్వాత కొంగుతో దానిమీద దోమల్ని తోలుతూ, గొంతు తగ్గించి, మిగతా సగం చెప్పింది.